పైలం నుంచి పర్మిట్ దాకా

గోదావరిఖనిలో తెల్లవారుజామున గడపల దగ్గర వినిపించే మాట పైలం. మొదటి షిఫ్టుకు బండి తీసే మనిషికి లోపలి నుంచి వచ్చే మాట అది. పదిలం అన్నది అరిగి అరిగి పైలమైందంటారు. అక్కడి నుంచి కొత్తగూడెం, భద్రాచలం, రాజమండ్రి, కోనసీమ మీదుగా విశాఖపట్నం దాకా సాగిన ఈ దారిలో అదే అర్థానికి మాటలు మారుతూ పోయాయి. బొగ్గు గనుల బోర్డుల మీద అది రక్షణ. కోనసీమ వీధి అరుగుల మీద ‘జాగ్రత్తండి’. విశాఖలో చమురుశుద్ధి కర్మాగారం గోడ మీద భద్రత, ఆ గోడకు లోపల ఎవరి నోటైనా సేఫ్టీ. మాట మారినప్పుడల్లా ఆ మాటకు పూచీ పడే మనిషి కూడా మారాడు. యాత్రలన్నీ గుళ్లకే కానక్కర్లేదు కదా. బొగ్గు, గ్యాసు, చమురు పుట్టే చోట్లు వరసగా చూసి, అక్కడ ప్రమాదం జరగకుండా చూడటమే బతుకుదెరువైన వాళ్ల ఉద్యోగం ఎలాంటిదో ఆలోచించడానికి చేసిన ప్రయాణం ఇది. తిరిగొచ్చాక మిగిలిన అభిప్రాయం ఒక్కటే. ఈ ఉద్యోగం విలువ చదువును బట్టీ, హెల్మెట్ రంగును బట్టీ తేలేది కాదు. ప్రమాదాన్ని ఎవడు ముందుగా చూస్తాడో వాడికి పనిని ఆపే అధికారం ఉందా, ఆపితే వాడి కూలి, కొలువు నిలుస్తాయా అన్నదాన్ని బట్టి తేలుతుంది. చూసే కంటికీ ఆపే చేతికీ మధ్య దూరం పెరిగిన చోటల్లా సేఫ్టీ బోర్డుల సంఖ్య కూడా పెరగడం ఈ దారిలో కనిపించే వింత.

రామగుండం వైపు వచ్చేవారికి ఊరి కంటే ముందు పొగగొట్టాలు కనిపిస్తాయి. 2,600 మెగావాట్ల ఎన్టీపీసీ కేంద్రం, దాని ఆకలి తీర్చే బొగ్గు రైళ్లు, వెనక బూడిద రంగు గుట్టలు. ఆ గుట్టలు దేవుడు పెట్టినవి కావు. ఓపెన్‌కాస్టుల్లో బొగ్గు మీదున్న మట్టినీ రాతినీ తవ్వి పోసినవి. కొన్నింటి మీద చెట్లు లేచాయి, కొత్తవాళ్లు వాటిని కొండలే అనుకుంటారు. గోదావరి ఇసుక ఈ ఊళ్లో ఇళ్ల కోసమే తోడలేదు. బొగ్గు తీసేసిన ఖాళీల్లోకి నీళ్లతో కలిపి గొట్టాల గుండా ఆ ఇసుకను దింపి నింపుతారు. పైనున్న నేల కుంగకుండా నదే కిందికి దిగి భుజం పెట్టిందన్నమాట. షిఫ్టు మారే వేళ హోటళ్ల ముందు మిర్చి బజ్జీల మూకుళ్లు పొంగుతుంటాయి. ఇళ్ల నుంచి వచ్చే గిన్నెల్లో సర్వపిండి ముక్కలుంటాయి, పల్లీలూ నువ్వులూ తగులుతూ, చల్లారినా బాగుండే తిండి. తోవ అడిగితే చేయి చూపించి ఊరుకునే ఊరు కాదిది. ‘అన్నా, రా’ అని మలుపు దాకా కూడా నడుస్తారు. ఒకరి టోపీ లైటు వెనక ఒకరు చీకట్లో నడిచే పని నేర్పిన మర్యాదేమో అనిపిస్తుంది. బొగ్గుబాయి లేని ఊళ్లో కూడా ఇలాంటి మర్యాద ఉంటుందనుకోండి, కానీ ఇక్కడ అలా అనుకోవడమే బాగుంటుంది.

భూగర్భ గనిలో రక్షణకు ఒక మనిషి రూపం ఉంది. పేరు మైనింగ్ సర్దార్. గనుల భద్రతను చూసే డీజీఎంఎస్ పరీక్ష రాసి, సర్టిఫికెట్ తెచ్చుకుని, ఒక జాగాలో పనిచేసే మనుషులకు బాధ్యుడవుతాడు. షిఫ్టు వాళ్లు పనిలో దిగకముందే అతను ఆ జాగాలన్నీ తిరగాలి. చేతిలోని కర్రతో పైకప్పును తడతాడు. గట్టి రాయి ఖంగుమంటుంది. పొర విడిచిన రాయి డొల్లగా, తడిసిన డోలులా మోగుతుంది. అనుమానం తీరకపోతే ఒక అరచేయి కప్పుకు ఆనించి రెండో చేత్తో తడతాడు. విడిచిన పొర వేళ్ల కింద సన్నగా వణుకుతుంది. సంతలో కుండను తట్టి కొనే ఇల్లాలి చెవి ఇది. తేడా ఏమిటంటే ఇక్కడ కుండ మన నెత్తి మీద ఉంటుంది. గ్యాసు సంగతికి రక్షక దీపం ఉంది. 1815లో హంఫ్రీ డేవీ రూపం ఇచ్చిన దీపానికి వారసురాలు. వత్తి తగ్గించి దీపాన్ని మెల్లగా కప్పు దాకా లేపితే, గాలిలో మీథేన్ ఉన్నప్పుడు మంట మీద నీలం రంగు టోపీ లాంటిది లేస్తుంది. మీథేన్ తేలిక కాబట్టి కప్పు కిందే చేరుతుంది. ఇప్పుడు అంకెలు చూపించే యంత్రాలు వచ్చాయి, దీపం మీద ఆధారపడటం తగ్గింది. అయినా ఆ నీలి టోపీ ఎత్తును బట్టి శాతం చెప్పగల కన్ను ఒక చదువే.

ఆ చదువు వెనక చట్టం నిలబడటం వల్లనే సర్దార్ ఈ వ్యాసానికి ముఖ్యుడయ్యాడు. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే పేలుతుంది. నిబంధన అంత దూరం పోనివ్వదు. 1.25 శాతం దాటిందంటే అక్కడ కరెంటు ఆగాలి, మనుషులు బయటికి రావాలి. కప్పు అనుమానంగా ఉన్నా అంతే. మనుషుల్ని తప్పించి, అడ్డం కట్టి, పుస్తకంలో రాసి, సంతకం పెట్టాలి. దానికి సర్దార్ మేనేజరు అనుమతి కోసం ఎదురుచూడక్కర్లేదు, ఆ రోజు టన్నుల లెక్క ఎంత తక్కువైనా సరే. గనికి వేరే సేఫ్టీ ఆఫీసరూ ఉంటాడు, కానీ అతను మేనేజరుకు సాయపడేవాడు. ఆపే చెయ్యి మాత్రం బొగ్గు అంచున ఉన్నవాడిది. అలాగని కర్రకు అన్నీ వినపడవు. 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ దగ్గర చస్నాలలో, పాత పనుల్లో నిలిచిన నీరు విరుచుకుపడి 375 మంది పోయారు. గోదావరిఖనిలోనే 2003 జూన్ 16న 7-ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు చొరబడి 17 మంది చనిపోయారు. రాతి గోడకు అవతల నిలిచిన నీటిని సర్దార్ చెవి పట్టలేదు. దానికి పాత పటాలు కావాలి, సర్వేయర్ కావాలి, ఆ పటాన్ని నమ్మాలా వద్దా అని అడిగే ఆఫీసు కావాలి. కాబట్టి కింది మనిషికి అధికారం ఉంటే చాలు, పై వ్యవస్థ దండగ అన్న వాదన ఇక్కడే ఓడిపోతుంది. నేను అంటున్నది అది కాదు. పై వ్యవస్థ పటం గీయాలి, లెక్క కట్టాలి, పరీక్ష పెట్టాలి. ఆపు అనే మాటను మాత్రం తన దగ్గర దాచుకోకూడదు.

దీనికి బలమైన అభ్యంతరం ఒకటుంది. పని తెలిసినవాడే ప్రమాదానికి అలవాటు పడతాడు, రోజూ వినే డొల్ల చప్పుడును రేపటికి వాయిదా వేస్తాడు, పైగా తన జాగా బొగ్గు తగ్గితే మాట పడేదీ అతనే కదా అంటారు. నిజమే. అందుకే గనుల చట్టం ఒక కన్నుతో ఆగలేదు. సర్దార్ మీద ఓవర్‌మన్, ఆయన మీద అండర్ మేనేజర్, పక్కన కార్మికుల తరఫున తనిఖీ చేసే వర్క్‌మెన్ ఇన్‌స్పెక్టర్, వీళ్లందరి మీదా కంపెనీ జీతం తీసుకోని డీజీఎంఎస్ అధికారి. అలవాటుకు మందు ఇంకో కన్ను. దగ్గరి కన్నును పొడిచేయడం మందు కాదు. ఇక్కడి బొగ్గు కంపెనీ సింగరేణి బోర్డుల మీద కనిపించే ఒక మాట ఈ విషయంలో ఆలోచింపజేస్తుంది, ‘రక్షణతో కూడిన ఉత్పత్తి’ అని. మంచి మాటే. కానీ వ్యాకరణం చూస్తే ఉత్పత్తి విశేష్యం, రక్షణ దాని ముందు నిలబడ్డ విశేషణం. వాక్యంలో విశేషణం జారిపోయినా అర్థం నిలుస్తుంది, విశేష్యం జారితే నిలవదు. సర్దార్ పుస్తకంలో మాత్రం ఈ వరస తలకిందులు. కప్పు బాగుందని రాసి సంతకం పెట్టేదాకా ఉత్పత్తి అన్న మాటే పుట్టదు. ఇప్పుడు బొగ్గులో ఎక్కువ భాగం ఓపెన్‌కాస్టుల నుంచి వస్తోంది. అక్కడ శత్రువు కప్పు కాదు, ఇల్లంత డంపరు, దాని డ్రైవరుకు కనపడని మూల, వాన కురిస్తే జారే మట్టి అంచు. సర్దార్ చెవికి అక్కడ పని తగ్గింది. తట్టి చూడటానికి బదులు ఏం చెయ్యాలో ఓపెన్‌కాస్టు తరం ఇంకా నేర్చుకుంటోంది.

కొత్తగూడెం పెద్దమనిషి లాంటి ఊరు. 1889లో తవ్వకం మొదలైన ఇల్లందు ప్రాంతం ఇక్కడికి దగ్గరే. సింగరేణి అనే పల్లె పేరే కంపెనీకి పేరైంది. ఈ ఊళ్లో ఉద్యోగం అంటే తండ్రి నుంచి కొడుక్కు వచ్చేది, కారుణ్య నియామకాల గురించి టీ కొట్టు దగ్గర మాట్లాడుకోని రోజు ఉండదు. రక్షణ అనే వృత్తికి ఇందులో ఒక మెలిక ఉంది. నాన్న పనిచేసిన బాయిలోనే కొడుకు దిగినప్పుడు ఏ జాగాలో కప్పు చెడ్డదో, ఏ వానకు ఎక్కడ నీరు ఊరుతుందో ఇంట్లోనే తెలుస్తుంది. ఏ పుస్తకంలోనూ లేని పాఠం అది. పాల్వంచ థర్మల్ కేంద్రం దాటాక రోడ్డు పచ్చబడుతుంది. భద్రాచలం దగ్గర నది విప్పారి, పాపికొండల మధ్య మళ్లీ ఒదిగి, పోలవరం దగ్గర బయటపడుతుంది. ఆ కొండల మధ్యే కచ్చులూరు. 2019 సెప్టెంబరు 15న వరద ఉరుకుతున్న నదిలోకి పర్యాటకుల బోటు బయలుదేరి, అక్కడ మునిగి, 50 మంది దాకా పోయారు. శక్తి పరిశ్రమకూ దానికీ సంబంధం లేదు. కానీ వరద కళ్లముందే ఉంది, రేవు ఉంది, మనుషులున్నారు. ‘ఇవాళ వద్దు’ అనే ఒక్క మాట దొరకలేదు.

రాజమండ్రి దాటి కోనసీమలో అడుగుపెట్టాక కళ్లు తెరిపిన పడతాయి. కాలవ గట్ల మీద కొబ్బరి, పోక, వాటి కింద అరటి, అరటి కింద కంద. ఒక అంగుళం నేల కూడా ఖాళీగా ఉండదు. పనసపొట్టు కూరలో ఆవ ఘాటు, ఆత్రేయపురం పూతరేకు నోట్లో పెట్టీ పెట్టకముందే కరగడం, ఎవరింటి ముందు ఆగినా ‘రండి, కూర్చోండి, ఆయ్’ అనే పలకరింపు. ఖని ఊరి చొరవ ఒక రకం, ఈ సీమ నమ్రత ఇంకో రకం. ఈ తోటల కింద, వేల అడుగుల లోతున గ్యాసు ఉంది. అరటి గెలల మధ్య హఠాత్తుగా ఒక ఇనుప కంచె, లోపల వాల్వులు గుత్తులుగా ఉన్న బావి మూతి కనిపిస్తాయి. ఇక్కడ కూడా బావే. కానీ మనిషి దిగని బావి. పాసర్లపూడిలో 1995 జనవరి 8న అలాంటి ఒక బావి అదుపు తప్పి అంటుకుని 65 రోజులు మండింది. చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ అయ్యాయి. రాత్రిళ్లు ఆ వెలుగు ఎంత దూరానికి కనిపించేదో నడివయసు దాటిన ప్రతివాళ్లూ చెబుతారు, ఎవరి లెక్క వాళ్లది. డ్రిల్లింగ్ వృత్తి ఇలాంటి మంటల నుంచి నేర్చుకున్న సూత్రం సర్దార్ సూత్రానికి తోబుట్టువు. తవ్వుతున్న బావిలోంచి ద్రవం లెక్కకు మించి వెనక్కి రావడం మొదలైతే దాన్ని కిక్ అంటారు. అది కనిపించగానే బ్రేకు దగ్గరున్న డ్రిల్లర్ ఎవర్నీ అడగకుండా బావి మూసేయాలి. బావి మూతి మీద బ్లోఅవుట్ ప్రివెంటర్ అనే ఇనుప దవడలుంటాయి. మూశాక ఫోను చెయ్యి, ఫోను చేశాక మూయకు, అని తర్ఫీదు. తర్వాత చూస్తే కిక్ కాదని తేలినా తప్పు పట్టకూడదన్నది ఆ వృత్తిలో మంచి యాజమాన్యాల మర్యాద.

గ్యాసు బావి దాటి గొట్టంలో పడ్డాక కథ మారుతుంది. గనికి నోరుంది, రిగ్గుకు కంచె ఉంది. గొట్టానికి రెండూ లేవు. అది కొబ్బరి తోటల కింద, పెరళ్ల పక్కన, కాలవల అడుగున ఊళ్లకు ఊళ్లు దాటుతుంది. 1962 నాటి పైపులైన్ల చట్టం ప్రకారం ఆ పట్టీ మీద ఇల్లు కట్టకూడదు, చెట్టు నాటకూడదు, నేల మాత్రం రైతుదే. గుర్తుగా అక్కడక్కడ రాళ్లూ పసుపు బోర్డులూ ఉంటాయి. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో, తాటిపాక నుంచి కొండపల్లి విద్యుత్ కేంద్రం వైపు గ్యాసు మోసే 18 అంగుళాల గొట్టం పగిలింది. గ్యాసు ఇళ్ల మీద కమ్మింది. టీ కొట్టులో పొయ్యి వెలిగించడంతో అంటుకుందని అప్పట్లో అందరూ చెప్పుకున్నదే. 20 మందికి పైగా నిద్రలోనూ, నిద్ర లేస్తూనూ పోయారు. కొబ్బరిచెట్లు నిలబడ్డ చోటే మాడిపోయాయి. పొడి గ్యాసు కోసం వేసిన గొట్టంలో నీరూ ఇతర ద్రవాలూ కలిసిన తడి గ్యాసు పోవడంతో లోపలి నుంచి తుప్పు తినేసిందన్నది తర్వాత విచారణల్లో వచ్చిన మాట. లీకుల గురించి ముందే చెప్పామని ఊరివాళ్లు అన్నారు. ఇక్కడ చూసే కన్ను ఎవరిది? పాలు పితకడానికి లేచిన రైతుది, కొట్టు తెరిచే మనిషిది. ఆపే చెయ్యి ఎక్కడ? దూరాన కంట్రోల్ రూములో, వాల్వు స్టేషనులో. వృత్తి భద్రతా శాస్త్రం దృష్టిలో ఆ రైతు కార్మికుడే కాదు. పని స్థలం అతని పెరట్లోకి వచ్చింది గానీ పని స్థలపు హక్కులు అతనితో రాలేదు.

ఇక్కడ ఆగి ఇంటి వంటగదిని గుర్తు చేసుకోవాలి. సిలిండరు లీకైతే కుళ్లిన వాసన కొడుతుంది. అది గ్యాసు వాసన కాదు, కావాలని కలిపే మెర్‌కాప్టాన్ అనే రసాయనం వాసన. గంధకపు ఆ కంపే ప్రతి ఇల్లాలినీ సేఫ్టీ ఆఫీసరును చేసింది. రెగ్యులేటర్ కట్టెయ్యడానికి ఆమె ఎవరి అనుమతీ తీసుకోదు. ఊళ్ల కింద పోయే పెద్ద గొట్టాల్లోని సహజవాయువుకు మామూలుగా ఆ వాసన కలపరు. అంటే వంటగదిలో చూసే ముక్కూ ఆపే చెయ్యీ ఒకరివే. తోటలో ముక్కు పనిచేయదు, చెయ్యి అందదు. ఇప్పుడు యంత్రాలే అన్నీ చూస్తున్నాయి, ఒత్తిడి పడిపోతే కంట్రోల్ రూములో అలారం మోగుతుంది, ఊరివాళ్లెందుకు అని ఇంజినీర్లు అడుగుతారు. యంత్రాల మీద నాకు గౌరవం తక్కువ లేదు. పెద్ద పగులును అవి మనిషి కంటే ముందే పసిగడతాయి. కానీ పెద్ద లైనులో సన్నటి లీకు ఒత్తిడి లెక్కలో కనిపించకుండా పోవచ్చు. వాన నీటి గుంటలో బుడగలుగా అది ముందు కనిపించేది మనిషికే. ఆ మనిషి చెప్పిన మాటకు లైను ఒత్తిడి ఎన్ని నిమిషాల్లో తగ్గుతుంది అన్నది రాసిపెట్టి ఉండాలి, ఫిర్యాదు నంబరు ఉంటే చాలదు. నగరం ప్రమాదం తర్వాత పైపులైన్ల మీద గస్తీలూ పరీక్షలూ గొట్టాల మార్పులూ జరిగాయి. వాటిని తక్కువ చేయనక్కర్లేదు. ఊరివాడి మాటకు మాత్రం ఇంకా ఫిర్యాదు హోదాయే ఉంది, సర్దార్ సంతకం హోదా రాలేదు.

విశాఖ వచ్చేసరికి గాలిలో ఉప్పు, బెల్లం రంగు కొండలు, బీచి ఒడ్డున ముంత మసాలా. ఇటువైపు మాట తీరులో ఒక ఊపు ఉంది, వాక్యం చివర లాగి వదులుతారు. మల్కాపురంలోని రిఫైనరీ 1957లో కాల్టెక్స్‌గా మొదలైంది. డెబ్బైల్లో ప్రభుత్వం తీసుకుని హెచ్‌పీసీఎల్ చేసింది. పాతవాళ్ల నోట ఇంకా కాల్టెక్సే. 1997 సెప్టెంబరు 14, ఆదివారం పొద్దున్న, ఓడ నుంచి దిగుమతయ్యే వంటగ్యాసు లీకై పేలింది, 60 మంది దాకా పోయారు. వంటగ్యాసు మీథేన్‌లా పైకి పోదు. గాలి కంటే బరువు కాబట్టి నేల మీద నీళ్లలా పాకి నిప్పును వెతుక్కుంటుంది. ఇక్కడ సేఫ్టీ పూర్తి స్థాయి శాఖ. భోపాల్ గ్యాసు దుర్ఘటన తర్వాత చట్టాలు బిగిశాయి, 1986లో చమురు పరిశ్రమ భద్రతకు ఓఐఎస్‌డీ వచ్చింది, 1987లో ఫ్యాక్టరీల చట్టంలో ప్రమాదకర పరిశ్రమలకు ఒక అధ్యాయమే చేరింది. వెయ్యి మంది పనిచేసే ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరు ఉండాలన్న పాత లెక్కను 2020 నాటి కార్మిక భద్రతా కోడ్ 500కు దించింది. అంతా మంచిదే. కానీ ఆ ఆఫీసరు విధుల జాబితా తీసి చదివితే మొదటి క్రియ ‘సలహా ఇవ్వడం’. సర్దార్ మనుషుల్ని తప్పిస్తాడు, డ్రిల్లర్ మూసేస్తాడు, ఆఫీసరు సలహా ఇస్తాడు. ముగ్గురిలో పెద్ద చదువు, పెద్ద జీతం మూడో అతనివే.

అతని చేతిలోని ఆయుధం పర్మిట్ కాగితం. వెల్డింగ్ లాంటి నిప్పు పనికి ఒక రంగు, మామూలు పనికి ఒకటి, ట్యాంకులోకి దిగే పనికి ఇంకొకటి. ఏ జాగా, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా, గ్యాసు పరీక్షలో ఎంత వచ్చింది, ఏ వాల్వు మూసి తాళం వేశారు, గొట్టానికి బ్లైండ్ అనే అడ్డుబిళ్ల బిగించారా, నిప్పు కాపలాకు ఎవరు. ఇచ్చేవాడి సంతకం, పుచ్చుకునేవాడి సంతకం, షిఫ్టు మారితే మళ్లీ సంతకాలు. కాగితాన్ని వెక్కిరించడం తేలిక. కానీ అది చేసే పని పెద్దది, వాల్వు తిప్పేవాడికీ వెల్డరుకూ మధ్య మాట పోకుండా చూస్తుంది. ఆ మాట పోతే ఏమవుతుందో 1988 జూలై 6న ఉత్తర సముద్రంలోని చమురు ప్లాట్‌ఫామ్ పైపర్ ఆల్ఫా చెప్పింది. మరమ్మతుకని రక్షక వాల్వు తీసేసిన పంపును, ఆ సంగతి చేరని రాత్రి షిఫ్టు నడిపింది. 167 మంది పోయారు. నన్ను వెంటాడేది అందులో రెండో సగం. పక్కనున్న టార్టన్, క్లేమోర్ ప్లాట్‌ఫామ్‌ల మీదివాళ్లకు ఆ మంట కనిపిస్తూనే ఉంది. వాళ్ల గొట్టాలు పైపర్‌కు కలిసే ఉన్నాయి. అయినా వెంటనే ఉత్పత్తి ఆపలేదు. ఈ సంగతిని లార్డ్ కల్లెన్ విచారణ గట్టిగానే తప్పుపట్టింది. మంట చూసే కన్నుంది, ఆపే మీట ఉంది, రెంటి మధ్యా ‘ఒడ్డు మీదివాళ్లు ఏమంటారో’ అన్న అనుమానం ఉంది.

ఇప్పుడు పెద్ద సైట్లన్నింట్లో ‘ఎవరైనా పని ఆపవచ్చు’ అన్న బోర్డు ఉంటుంది, జేబులో పెట్టుకునే కార్డులూ ఇస్తారు. అంటే నేను అడిగేది ఇప్పటికే ఇచ్చేశారని ఎవరైనా అనవచ్చు. కాగితం మీద ఇచ్చారు. మరమ్మతులకని యూనిట్లు ఆపే షట్‌డౌన్ రోజుల్లో రిఫైనరీ నిండా ఉండేది కాంట్రాక్టు మనుషులు. పరంజా కట్టేవాడు, గ్రైండింగ్ చేసేవాడు, బ్లైండ్ బిగించేవాడు. రోజు కూలి. పని ఆగితే కూలి ఆగుతుంది, ఆపినవాడి పేరు మేస్త్రీకి గుర్తుంటుంది. సర్దార్ ఆపితే అతని మస్టర్ పడుతుంది, జీతంలో కోత పడదు. అందుకే అతని ‘ఆపు’ నిజం. కూలివాడి జేబులోని కార్డు అప్పుగా ఇచ్చిన గొడుగు, వానలో తెరిస్తే వెనక్కి లాక్కుంటారేమోనని చంకలోనే పెట్టుకుంటాడు. మరి ఊరికే ఆపేస్తే, బద్ధకానికి ఆపేస్తే అంటారు యాజమాన్యాలు. గంటకు కోట్లు నడిచే చోట ఆ భయం అర్థమవుతుంది. కానీ డ్రిల్లర్ల విషయంలో పరిశ్రమ ఆ భయాన్ని ఎప్పుడో మింగింది, ఎందుకంటే ఒక్క బ్లోఅవుట్ ఖర్చు వంద అనవసరపు మూతల ఖర్చును మింగేస్తుందని దానికి లెక్క తెలుసు. అదే లెక్క పరంజా దగ్గరికి వచ్చేసరికి మరిచిపోతారు. గేటు దగ్గర ‘ప్రమాదం లేకుండా గడిచిన రోజులు’ అని బోర్డు పెట్టి అంకె మారుస్తారు. ఆ అంకె పెరిగేకొద్దీ చిన్న దెబ్బను దాచే ఒత్తిడీ పెరుగుతుంది, రికార్డును చెడగొట్టిన పాపం ఎవరూ మోయాలనుకోరు. ఆ పక్కనే ‘ఈ నెల పని ఎన్నిసార్లు ఆగింది’ అని ఇంకో బోర్డు ఉంటే బాగుండును. అందులో సున్నా కనిపిస్తే సేఫ్టీ ఆఫీసరు కంగారు పడాలి.

గాజువాక నుంచి హైదరాబాదు దాకా ‘ఫైర్ అండ్ సేఫ్టీ’ కోచింగ్ బోర్డులు కనిపిస్తాయి. డిప్లొమా, నెబోష్ అనే సేఫ్టీ సర్టిఫికెట్, ఆపైన గల్ఫ్. వెల్డరుగా వెళ్లిన అన్న చూసిన సైటుకే సేఫ్టీ ఆఫీసరుగా వెళ్లాలని తమ్ముడి కోరిక. ఆ కోరికను చులకనగా చూడటం నాకు చేతకాదు, అది ఎండ నుంచి నీడలోకి వచ్చే దారి. గనుల్లో వందేళ్ల కిందటి మరణాల రేటు ఇవాళ లేదంటే ఇలాంటి చదువుల పుణ్యం కూడా ఉంది. ఆ కోర్సుల్లో ప్రమాద అంచనా పట్టికలూ చట్టాల సెక్షన్లూ బాగానే చెబుతారు. అరవై ఏళ్ల మేస్త్రీ ముందు ఇరవై నాలుగేళ్ల కుర్రాడు నిలబడి ‘దిగండి’ అని ఎలా అనాలి, అన్నాక సాయంత్రం అదే క్యాంపులో పక్క మంచం మీద ఎలా పడుకోవాలి అన్నది ఏ సిలబస్‌లోనూ ఉండదు. సర్దార్‌కు ఆ ఇబ్బంది తక్కువ. అతను తట్టిన కప్పు చప్పుడు పక్కవాడికీ వినపడింది.

డాల్ఫిన్ నోస్ కొండ కింద ఓడరేవు కాలవ విశాఖను రెండు చేస్తుంది. ఇటు చేపల రేవు, అటు మల్కాపురం మంటల గొట్టాలు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవలు వేటకు పోవు, చేపలు గుడ్లు పెట్టే కాలమని నిషేధం. ఆ రోజులకు వేట మానుకున్న కుటుంబానికి రాష్ట్ర ప్రభుత్వం డబ్బిస్తుంది, 10 వేలున్న ఆ సాయం 2025లో 20 వేలైంది. అందరికీ అందిందా, చాలుతుందా అన్న తగువు రేవులో ప్రతి ఏడూ ఉంటుంది. అయినా పని ఆగిన రోజుకు ఒక ధర ఉందని, దాన్ని పని ఆపినవాడి చేతిలో పెట్టాలని అక్కడ ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. పడవలు ఒకదానికొకటి తాళ్లతో కట్టేసి ఉంటాయి. వాటి నీడన కూర్చుని మనుషులు తీరిగ్గా వలల చిరుగులు కుట్టుకుంటుంటారు. కాలవకు అవతల షిఫ్టు మారుతుంది, పాత పర్మిట్ల మీద సంతకాలు పడి కొత్తవి తెరుచుకుంటాయి, పరంజా మీదికి మొదటి మనిషి ఎక్కుతాడు.